లోపలికే దారి తెలిసిన పంచదార

"ఒరే, నాకు షుగరుందని ఊరందరికీ తెలుసు. తెలిసి తెలిసీ పంచదార ఎక్కిస్తారంటేంట్రా?"

పెట్ స్కాన్‌కు తీసుకెళ్ళిన రోజు మా పెద్దమ్మ వేసిన ప్రశ్న ఇది. పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. కాఫీ పడని పూట ఆవిడకు ఎవరిమీదైనా సరే కోపం వస్తుంది. వేలికి సూది గుచ్చి షుగరు చూసిన టెక్నీషియన్ కుర్రాడు, "పంచదార కాదమ్మా, పంచదార లాంటిది. అదీ కంటికి కనపడనంత" అన్నాడు. "లాంటిదంటే?" అని ఆవిడ నిలదీసింది. కుర్రాడు నవ్వేసి పక్క మనిషి దగ్గరికి వెళ్ళిపోయాడు. మందు హైదరాబాదు నుంచి కారులో వస్తోందనీ, దారిలో ఉందనీ మాత్రం చెప్పాడు.

పెద్దమ్మ సరిగ్గా పట్టుకోవలసిన మాటనే పట్టుకుంది. ఆ "లాంటిది" వెనక అరవై డెబ్భై ఏళ్ళ రసాయనశాస్త్రం ఉంది. ఆస్పత్రుల ప్రకటనల్లో కోట్ల రూపాయల యంత్రం ఫొటో పెద్దగా వేస్తారు. తెల్లటి సొరంగం, పక్కన నవ్వుతున్న డాక్టరు. నిజానికి ఆ యంత్రం ఒక కన్ను మాత్రమే. అది చూడవలసిన వెలుగు ఒంట్లోకి వెళ్ళిన చిటికెడు కూడా లేని ఆ పదార్థం నుంచే వస్తుంది. సరైన పదార్థం లేకపోతే ఎంత గొప్ప కన్నయినా చీకట్లోకి చూస్తున్నట్టే. ఆ పదార్థాలనే ట్రేసర్లు అంటారు. జాడ తీసే వేగులని అనుకోవచ్చు. ఆస్పత్రిలో మాత్రం అందరూ "మందు" అనే అంటారు. అది ఏ జబ్బునూ తగ్గించదు, కానీ సూదితో ఎక్కించేదేదైనా మనకు మందే మరి.

జాడ తీయడమనే ఆలోచన ఒక వైఫల్యంలోంచి పుట్టింది. 1911లో జార్జ్ డి హెవెషీ అనే హంగేరీ యువకుడు మాంచెస్టర్‌లో శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ దగ్గర పనికి చేరాడు. రూథర్‌ఫర్డ్ ఆయనకు ఒక చాకిరీ అప్పగించాడు. బోలెడంత సీసంలో కలిసిపోయి ఉన్న "రేడియం-డి" అనే రేడియోధార్మిక పదార్థాన్ని వేరు చేసి ఇవ్వాలి. హెవెషీ చేయని ప్రయత్నం లేదు. ఒక్కటీ ఫలించలేదు. ఫలించకపోవడానికి కారణం తర్వాత తేలింది. రేడియం-డి కూడా సీసమే, కాకపోతే రేడియోధార్మిక సీసం. రసాయనికంగా రెండింటికీ తేడా లేనప్పుడు ఏ రసాయనం వేరు చేస్తుంది? ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. హెవెషీ దాన్ని తిరగేసి చూశాడు. వేరు చేయలేకపోతే మంచిదే, మామూలు సీసంలో దీన్ని కాస్త కలిపి వదిలితే సీసం ఎక్కడెక్కడ తిరిగిందో ఇదే చెప్పేస్తుంది కదా అనుకున్నాడు.

ఇక్కడే ఆయన చెప్పుకున్న ఒక కథ ఉంది. ఆయన బస చేసిన భోజనాల ఇంటావిడ పాచి కూరలను మళ్ళీ మళ్ళీ వడ్డిస్తోందని ఆయన అనుమానం. ఆవిడ ఎంతకీ ఒప్పుకునేది కాదు. ఒకరోజు తన కంచంలో మిగిలిన దాంట్లో రవ్వంత రేడియోధార్మిక పదార్థం కలిపి వదిలేశాడు. కొన్నాళ్ళకు బల్ల మీదకు వచ్చిన వంటకం దగ్గర రేడియోధార్మికతను పసిగట్టే ఎలక్ట్రోస్కోపు పెట్టి చూపించాడు. ఇంటావిడ దొరికిపోయింది. ఈ పనికి ఈరోజుల్లో అయితే కేసు పెట్టేవారు, అది వేరే సంగతి. 1923లో ఆయన బాకలా చిక్కుడు జాతి మొక్కల్లో సీసం వేరు నుంచి ఆకు దాకా ఎలా ఎక్కుతుందో ఇదే పద్ధతిలో కొలిచాడు. 1935 నాటికి రేడియోధార్మిక భాస్వరంతో ఎలుకల ఎముకలను పరిశీలించి, ఎముక అంటే ఒకసారి కట్టి వదిలేసిన గోడ కాదనీ, అందులో భాస్వరం నిత్యం మారుతూ ఉంటుందనీ చూపించాడు. 1943 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ ఆయనకు వచ్చింది ఈ వేగుల విద్యకే.

హెవెషీ వేగు అచ్చం అసలు మనిషే, తేడా లేకపోవడమే దాని బలం. పెద్దమ్మకు ఎక్కించబోయేది అలా కాదు. అందులో కావాలని పెట్టిన ఒక తేడా ఉంది.

ఆ తేడా ఎందుకో తెలియాలంటే గ్లూకోజు ప్రయాణం చూడాలి. రక్తంలోంచి కణం గోడ దాటి లోపలికి రాగానే హెక్సోకైనేజ్ అనే ఎంజైము గ్లూకోజుకు ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఆ తోక తగిలాక గ్లూకోజు మళ్ళీ గోడ దాటి పోలేదు. తర్వాతి ఎంజైము వచ్చి దాని ఆకారం కొంచెం మారుస్తుంది, ఆ తర్వాతది ముక్కలు చేస్తుంది, చివరికి శక్తి, నీరు, బొగ్గుపులుసు వాయువు మిగులుతాయి. ఇప్పుడు మామూలు గ్లూకోజుకు రేడియోధార్మిక బిళ్ళ కట్టి పంపితే ఏమవుతుంది? పది నిమిషాల్లో అది ముక్కలై, బిళ్ళ ఎక్కడెక్కడికో కొట్టుకుపోతుంది. ఫొటో తీసే లోపే సాక్షి పరారీ.

అందుకని కణంలోకి రావడం తెలిసి, ముందుకు పోవడం తెలియని గ్లూకోజు కావాలి. పద్మవ్యూహంలో అభిమన్యుడి లాంటిది. గ్లూకోజులో ఆరు కార్బన్లుంటాయి. రెండో కార్బన్‌కు ఉన్న ఆక్సిజన్, హైడ్రోజన్ జంటను తీసేస్తే సరిగ్గా అలాంటి అణువు తయారవుతుంది. ద్వారం దగ్గర దాన్ని గ్లూకోజే అనుకుని లోనికి పంపుతారు. హెక్సోకైనేజ్ కూడా మోసపోయి ఫాస్ఫేటు తగిలిస్తుంది. కానీ తర్వాతి ఎంజైము పట్టుకోవలసిన చోటే రెండో కార్బన్. అక్కడ పట్టు దొరకదు. అణువు వెనక్కి పోలేదు, ముందుకు సాగలేదు. వెదురు మావులో దూరిన చేపలా ఉండిపోతుంది. ఏ కణం గ్లూకోజు ఎక్కువ తాగుతోందో ఆ కణంలో ఇవి ఎక్కువ పోగుపడతాయి.

ఈ బోనులో తలుపు మూసే ఫాస్ఫేటు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పకుండా ముందుకు పోలేను. అది ఏటీపీ నుంచి వస్తుంది. కణంలో శక్తికి నాణెం లాంటి ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి వేరు చేసినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. ఇంకో చిత్రం ఏమిటంటే, సుబ్బారావు తర్వాత లెడర్లీ కంపెనీలో నడిపిన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ కూడా ఇలాంటి మారువేషగాడే. ఫోలిక్ ఆమ్లంలా కనిపించి లోపలికి పోయి, దాని పని జరగనివ్వకుండా అడ్డం పడుతుంది. లుకేమియా పిల్లలకు సిడ్నీ ఫార్బర్ ఇచ్చింది దాన్నే. వేషం ఒకటే, ఒకచోట కణాన్ని చంపడానికి, ఇంకోచోట కణాన్ని చూడడానికి.

అమెరికాలో లూయీ సొకొలోఫ్ రెండో కార్బన్ దగ్గర ఆక్సిజన్ లేని ఈ డీఆక్సీగ్లూకోజుకు కార్బన్-14 కట్టి ఎలుకలకు ఎక్కించాడు. తర్వాత వాటి మెదళ్ళను పల్చటి పొరలుగా కోసి ఫిల్ము మీద పరిచాడు. ఎలుక ఏ పని చేస్తున్నప్పుడు మెదడులో ఏ భాగం తీపి తింటోందో ఫిల్ము మీద నల్లగా తేలింది. గొప్ప పనే, కానీ మనిషి మెదడును కోసి పరచలేం. కార్బన్-14 కిరణం పుర్రె దాటి బయటికి రాదు. పైగా దాని అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 5,730 ఏళ్ళు. మనిషికి పనికొచ్చే బిళ్ళ వేరేది కావాలి. దాని కిరణం ఒళ్ళు దాటి బయటికి రావాలి, పని కాగానే అది చల్లారిపోవాలి, అణువు వేషం చెడగొట్టకూడదు.

న్యూయార్క్ దగ్గరి బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఆల్‌ఫ్రెడ్ వుల్ఫ్, జొవానా ఫౌలర్ ఎంచుకున్నది ఫ్లోరిన్-18. అర్ధాయువు సుమారు 110 నిమిషాలు. ఫ్లోరిన్ పరమాణువు చిన్నది, ఆక్సిజన్ జంట ఉండే చోట ఇరుకు లేకుండా కూర్చుంటుంది. కార్బన్‌ను పట్టుకుందంటే వదలదు. రేడియోధార్మికత లేని ఫ్లోరో గ్లూకోజును ప్రాగ్‌లో చెక్ రసాయనవేత్తలు 1960ల చివర్లోనే తయారుచేసి ఉన్నారు. కానీ వాళ్ళకు గడియారంతో పందెం లేదు. ఆ పందెంలో నెగ్గింది జపాన్ నుంచి బ్రూక్‌హేవెన్‌కు వచ్చిన తత్సువో ఇదో. ఆయన వాడినది ఫ్లోరిన్ వాయువు. అందులో రెండేసి పరమాణువులు జంటగా ఉంటాయి, ఆ జంటలో ఒకటే గ్లూకోజుకు అతుక్కుంటుంది, రెండోది వృథా. అంటే సగం మొదట్లోనే పోయింది. మిగిలిన మెట్లన్నీ ఎక్కేసరికి చేతికొచ్చేది చాలా కొంచెం. గంటలు మాత్రం రెండు.

1976 ఆగస్టులో ఆ కొంచెం సరుకును చిన్న విమానంలో ఫిలడెల్ఫియాకు పంపారు. రోడ్డు మీద వెళితే న్యూయార్క్ నగరం దాటాలి, దాటేలోగా సరుకు కరిగిపోతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అబాస్ అలవీ ఇద్దరు ఆరోగ్యవంతులైన వలంటీర్లకు దాన్ని ఎక్కించాడు. అప్పటికి అక్కడ పెట్ స్కానర్ కూడా లేదు. వేరే రకం పరికరంతోనే మెదడు చిత్రం తీశారు. ఇప్పుడు పెట్ స్కాన్ అంటే క్యాన్సర్ గుర్తొస్తుంది. ఆరోజు వాళ్ళ మనసులో ఉన్నది క్యాన్సర్ కాదు, మెదడు. కంతులు గ్లూకోజును విపరీతంగా తింటాయని ఓటో వార్‌బర్గ్ 1920ల్లోనే బెర్లిన్‌లో గమనించాడు. ఆ పాత మాటా ఈ కొత్త అణువూ ఒకదాన్నొకటి కలుసుకోవడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది.

ఇదో పద్ధతితో ఊరూరా ఆస్పత్రులకు మందు చేరేది కాదు. దారి మార్చినవాళ్ళు జర్మనీలోని యూలిచ్‌లో హమాఖర్, కోనెన్, ష్టోక్లిన్. సంవత్సరం 1986. ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పెద్దమ్మ మందు ఇప్పటికీ ఈ వంట ప్రకారమే తయారవుతోంది.

మొదలు నీళ్ళతో. మామూలు నీళ్ళు కాదు, బరువైన ఆక్సిజన్-18 నిండిన నీళ్ళు. ప్రకృతిలో ఆక్సిజన్ పరమాణువులు వెయ్యింటిలో రెండే ఇలాంటివి. అందుకే ఈ నీళ్ళ ఖరీదు ఎక్కువ, వాడగా మిగిలినదాన్ని కూడా పారబోయరు. సైక్లోట్రాన్ యంత్రంలో ప్రోటాన్లను గిరగిరా తిప్పి వేగం పెంచి ఒకటి రెండు గంటలు ఈ నీళ్ళ మీదకు వదులుతారు. ప్రోటాన్ దూరి, న్యూట్రాన్ ఒకటి బయటపడి, ఆక్సిజన్ కాస్తా ఫ్లోరిన్-18 అవుతుంది. ఇక్కడే చిక్కు. నీళ్ళలో పుట్టిన ఫ్లోరైడు చుట్టూ నీటి అణువులు కావలించుకుని ఉంటాయి. అలా ఉన్నంతసేపు అది బద్ధకంగా ఉంటుంది, దేనితోనూ కలవదు. కనుక నీళ్ళలో పుట్టినదాన్ని బొట్టు తడి లేకుండా ఆరబెట్టాలి. అసిటోనైట్రైల్ కలిపి మరిగించి మరిగించి తడిని లాగేస్తారు. ఫ్లోరైడుకు తోడుగా వచ్చిన పొటాషియాన్ని క్రిప్టోఫిక్స్ అనే పంజరంలాంటి అణువులో బంధిస్తారు. ఇక ఫ్లోరైడు ఒంటరి. ఆకలి మీద ఉంటుంది.

దాని ముందు పెట్టేది గ్లూకోజు కాదు, దాని అప్పచెల్లెలు మానోజ్. రెండింటికీ తేడా ఒక్క రెండో కార్బన్ దగ్గరే, అక్కడి జంట అటు తిరిగిందా ఇటు తిరిగిందా అన్నదే. ఆ చోట ముట్టుకుంటే ఊడిపోయే ట్రైఫ్లేట్ ముక్కను ముందే తగిలించి ఉంచుతారు. ఫ్లోరైడు వెనకవైపు నుంచి వచ్చి గుద్దితే ట్రైఫ్లేట్ ముందువైపు ఊడిపోతుంది. గాలికి గొడుగు తిరగబడ్డట్టు ఆ మూల తిరగబడి మానోజ్ గ్లూకోజు ఆకారంలోకి వస్తుంది. తప్పు చక్కెరతో మొదలుపెడితేనే సరైన చక్కెర వస్తుందని లెక్కవేయడం ఎంత సొగసు! పంట సగం దాటింది, పని గంటలోపే ముగుస్తోంది. మందపాటి సీసం గోడల పెట్టెలో యంత్రమే ఇదంతా చేస్తుంది, మనిషి చెయ్యి పెట్టడు.

తయారయ్యాక పరీక్షలు. ఆమ్లత సరిపోయిందా, క్రిప్టోఫిక్స్ విషం మిగిలిందా, జ్వరం తెప్పించే పదార్థాలేమైనా ఉన్నాయా అన్నీ నిమిషాల్లో చూసేస్తారు. ఒక్క పరీక్ష మాత్రం కుదరదు. సూక్ష్మజీవులు లేవని రుజువు కావాలంటే నమూనాను 14 రోజులు పెంచి చూడాలి. మందుకు అంత ఆయుష్షు లేదు. అందుకే వడపోత పొర చిరగలేదని అప్పటికప్పుడు తేల్చుకుని మందు పంపేస్తారు. పరీక్ష మాత్రం మొదలుపెడతారు. రోగి ఇంటికెళ్ళి రెండు వారాలయ్యాక ఫలితం వస్తుంది. మందుల ప్రపంచంలో ఇంత విడ్డూరమైన తనిఖీ మరొకటి ఉందనుకోను.

ఇక రవాణా. మన కాలపు లెక్కలో కంటే అణాల లెక్కలో ఇది బాగా అర్థమవుతుంది. రూపాయంటే పదహారణాలు. 110 నిమిషాలు గడిస్తే ఎనిమిదణాలు. ఇంకో 110కి నాలుగణాలు. ఇంకో 110కి రెండణాలు. మొత్తం అయిదున్నర గంటలు. పుల్ల ఐసు అమ్మేవాడు ఎండలో సైకిలు తొక్కినట్టు, మందు కారు వస్తున్నంతసేపూ పెట్టెలో సరుకు కరుగుతూనే ఉంటుంది. అందుకని పెద్దమ్మకు రెండణాలు చేరాలంటే అక్కడ రూపాయి ఎక్కించాలి. హైవే మీద లారీ బోల్తా పడితే ఆరోజు చివరి ఇద్దరు రోగుల వంతు మర్నాటికి పోతుంది. మా వంతు పోలేదు. పదకొండింటికి కారొచ్చింది. సీసం పొదిగిన సిరంజితో మందు ఎక్కించి, పెద్దమ్మను ఒక గదిలో ఒంటరిగా పడుకోబెట్టి, గంటసేపు కదలొద్దు, మాట్లాడొద్దు అన్నారు. కదిలిన కండరం కూడా గ్లూకోజు తాగుతుంది, లేని జబ్బు చిత్రంలో కనిపిస్తుంది. కదలకపోవడం సరే, మాట్లాడకుండా గంట! ఆవిడకు ఆ రోజు జరిగిన అసలు శిక్ష అదే.

ఎంత ఎక్కించారు? పది మిల్లీక్యూరీలు అనుకుంటే సెకనుకు 37 కోట్ల పరమాణువులు విచ్ఛిన్నమవుతుంటాయి. వినడానికి భయంగా ఉంటుంది. రేడియోధార్మిక అణువులను మాత్రం లెక్కవేస్తే అవి మొత్తం మూడున్నర లక్షల కోట్లు, వాటి బరువు ఒక నానోగ్రాము. గ్రాములో వంద కోట్ల వంతు. పెద్దమ్మ షుగరుకు దానివల్ల వచ్చే ముప్పు సున్నా. ఒంటికి తగిలే రేడియేషన్ ఏడు మిల్లీసీవర్ట్‌లు, నేల నుంచీ ఆకాశం నుంచీ మనకు సహజంగా మూడేళ్ళలో తగిలేంత. దానికి తోడు తీసే సీటీ స్కాన్ వంతు వేరు.

ఒంట్లో ఫ్లోరిన్-18 విచ్ఛిన్నమైనప్పుడు ఎలక్ట్రాన్‌కు వ్యతిరేక కణమైన పాజిట్రాన్ బయటపడుతుంది. అది మిల్లీమీటరో రెండో పోయి ఎదురొచ్చిన ఎలక్ట్రాన్‌ను ఢీకొని, రెండూ మాయమై, రెండు గామా కిరణాలు ఒకదానికొకటి ఎదురెదురు దిక్కుల్లో దూసుకుపోతాయి. చుట్టూ ఉన్న వలయంలో రెండు గ్రాహకాలు ఒకే క్షణంలో మెరిస్తే, ఘటన ఆ రెంటినీ కలిపే గీత మీద ఎక్కడో జరిగిందన్నమాట. లక్షల గీతలు గీస్తే అవి కలుసుకునే చోట బొమ్మ తేలుతుంది.

పెద్దమ్మ బొమ్మలో మెదడు వెలిగింది, అది ఎప్పుడూ వెలుగుతుంది. మూత్రాశయం వెలిగింది, ఎందుకంటే గ్లూకోజును వెనక్కి పీల్చుకునే మూత్రపిండాలు ఈ దొంగ గ్లూకోజును మాత్రం గుర్తుపట్టి బయటికి పంపుతాయి. ఛాతీ మధ్యలో నాలుగైదు గ్రంథులు కూడా వెలిగాయి. ఇంట్లో ఎవరూ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. వారం తర్వాత ముక్క తీసి చూస్తే క్షయ అని తేలింది. ఆరు నెలల మాత్రలు. కంతి ఎంత తిండిపోతో, క్షయ క్రిములతో పోరాడే తెల్లకణాలూ అంత తిండిపోతులే. ఈ మందు ఆకలిని చూపిస్తుంది, జబ్బు పేరు చెప్పదు. క్షయ ఇంతగా ఉన్న దేశంలో ఈ మాట స్కాన్ రిపోర్టు పైన పెద్దక్షరాల్లో అచ్చువేయాలని నాకనిపిస్తుంది.

ఆకలి కాక ఇంకేదైనా అడగాలంటే ఇంకో వేగు కావాలి. ప్రోస్టేట్ క్యాన్సర్ చాలాసార్లు గ్లూకోజు మీద పెద్దగా మోజు చూపదు. దానికోసం కణం పైన ఉండే పీఎస్ఎంఏ అనే ప్రోటీనును పట్టుకునే అణువుకు గాలియం-68 కట్టి పంపుతారు. అల్జైమర్స్ కథ మరీ విచిత్రం. చనిపోయినవారి మెదడు పొరల్లో అమిలాయిడ్ గడ్డలను చూడడానికి థయోఫ్లావిన్-టి అనే రంగు వాడేవారు. దాని మీద విద్యుదావేశం ఉంటుంది, అందుకే అది రక్తంలోంచి మెదడులోకి దూరదు. పిట్స్‌బర్గ్‌లో విలియం క్లంక్, చెస్టర్ మాథిస్ ఏళ్ళ తరబడి ఆ అణువును చెక్కి చెక్కి ఆవేశం తీసేసి, కార్బన్-11 కట్టారు. 2002లో స్వీడన్‌లోని ఉప్సలాలో మొదటి రోగికి ఎక్కించారు. బతికున్న మనిషి మెదడులో ఆ గడ్డలు కనిపించాయి. కార్బన్-11 అర్ధాయువు ఇరవై నిమిషాలే. పక్క గదిలో సైక్లోట్రాన్ ఉన్నవాళ్ళకే ఆ వైభోగం. దాంతో మళ్ళీ ఫ్లోరిన్-18 దగ్గరికే వచ్చి, అదే పని చేసే వేరే అణువులు కట్టుకున్నారు.

సైక్లోట్రాన్ అసలు అక్కర్లేని దారి కూడా ఒకటుంది, అదీ బ్రూక్‌హేవెన్ ఇచ్చిందే. ఎముకలు, గుండె, మూత్రపిండాల స్కాన్‌లలో ఎక్కువగా వాడేది టెక్నీషియం-99ఎం. అర్ధాయువు ఆరు గంటలు. 66 గంటల అర్ధాయువున్న మాలిబ్డినం-99 విచ్ఛిన్నమై అది పుడుతూ ఉంటుంది. 1950ల చివర్లో వాల్టర్ టకర్, మార్గరెట్ గ్రీన్ చేసిన పరికరంలో మాలిబ్డినం ఒక గొట్టంలో కూర్చుని ఉంటుంది. పొద్దున్నే ఉప్పునీళ్ళు పోస్తే టెక్నీషియం కిందికి దిగుతుంది. మర్నాటికి మళ్ళీ తయారు. దీని ముద్దుపేరు ఆవు. పాలు పితికారా అనే అడుగుతారు. మన దేశంలో అణుశక్తి విభాగానికి చెందిన బ్రిట్ సంస్థ ఇలాంటి ఆవులను ఆస్పత్రులకు పంపుతుంది.

స్కాన్ మర్నాడు పొద్దున పెద్దమ్మ పంచదార లేని కాఫీ తాగుతూ, "ఇంతకీ ఆ దొంగ పంచదార ఒంట్లోంచి పోయిందా?" అంది.

అప్పటికి ఇరవై గంటలు దాటాయి. పది అర్ధాయువులు గడిచాయంటే వెయ్యింటిలో ఒక వంతు కూడా మిగలనట్టే. చాలావరకు పోయిందన్నాను. "మరి ఇరుక్కుపోయిందన్నావుగా, ఎలా పోతుందీ?" అంది. ఆవిడ మాట మరిచిపోదు.

ఫ్లోరిన్-18 పాజిట్రాన్‌ను వదిలేశాక ఫ్లోరిన్‌గా ఉండదు. ఆక్సిజన్-18 అయిపోతుంది, సైక్లోట్రాన్‌లో అడుగుపెట్టక ముందు ఏ పరమాణువో మళ్ళీ ఆ పరమాణువే. పక్కనున్న నీళ్ళలోంచి ఒక హైడ్రోజన్‌ను పట్టుకుంటుంది. రెండో కార్బన్ దగ్గర పోయిన జంట తిరిగొచ్చేస్తుంది. ఇందాక పట్టు దొరకక ఆగిపోయిన ఎంజైముకు ఇప్పుడు పట్టు దొరుకుతుంది. దొంగ గ్లూకోజు నిజం గ్లూకోజై, ముక్కలై, అందరితోపాటే అరిగిపోతుంది.

"అంటే చివరికి పంచదారే ఎక్కించారన్నమాట" అని పెద్దమ్మ గ్లాసు కింద పెట్టింది.